ఏ పక్కకు తిరిగినా

వెల్లకిలా పడుకున్నాను. ముందు వెల్లకిలా, తరువాత ఎడమ పక్క, తరువాత కుడి పక్క, ఆఖరున బోర్లా. దోసెకైనా రెండు వైపులే కాల్పు, నాకు నాలుగు. దుకాణంలో ఎవరూ లేరు. గోవర్ధన్ సేటు బడంగ్‌పేట్‌లో చుట్టాల గృహప్రవేశానికి పోయాడు. పోతూ పోతూ "జయన్నా, గిరాకీ వస్తే ఇడ్వకు, పండవెట్టి అమ్ము" అని నా భుజం తట్టాడు, ఆ తట్టుడు వీపులోకి దిగి అక్కడే ఉండిపోయింది. షట్టరు సగానికి దించాను. గగన్‌పహాడ్ రోడ్డు మీది ఎండా దుమ్మూ నడుము దాకా తెగిపోయి, లారీల చక్రాలూ, మనుషుల కాళ్ళూ మాత్రం కనబడుతున్నాయి. పరుపుల అంగడిలో, ప్లాస్టిక్ కవరు తీయని స్ప్రింగు పరుపు మీద, గిరాకీ కోసం కాకుండా నా కోసం నేను పడుకోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. ఎందుకంటే పడుకోవడమే నా ఉద్యోగం. లోకంలో ఎవడైనా ఉద్యోగంలో పడుకుంటే తీసేస్తారు, నన్ను పడుకోకపోతే తీసేస్తారు. కొనడానికి వచ్చినవాళ్ళు సిగ్గుపడతారు, నలుగురిలో చెప్పులు విప్పి పరుపెక్కి కాళ్ళు చాపడానికి. అందుకని ముందు నేను పడుకుని చూపించాలి. కళ్ళు సగం మూసి, దవడ వదులు చేసి, ఒక నిట్టూర్పు. అబ్బ. ఆ అబ్బలోనే మా వ్యాపారమంతా ఉంది. పక్క పక్కాగా ఉంటే పొద్దున లేచేసరికి మనిషి ముక్కలు కాడు, అని మొదలుపెడతాను. ఇది పరుపు కాదన్నా, పరువు, అంటాను. నవ్వుతారు. నవ్విన గిరాకీ సగం అమ్ముడైన గిరాకీ.

ఇవాళ ఎవరినీ నవ్వించక్కర్లేదు, నొప్పి ఆగిందా లేదా చూసుకుంటే చాలు. నిన్న శంషాబాద్‌లో డాక్టర్ అనుపమ గారు చెప్పింది అంతే. ఆమె కోస్తా మనిషి, గారూ అనకుండా సూదైనా గుచ్చదు. "నొప్పి ఎముకదో కండరానిదో అయితే ఏదో ఒక పక్కన పడుకున్నప్పుడు ఆగుతుంది జయశీలన్ గారూ. రేపు తీరిగ్గా అన్ని విధాలా పడుకుని చూడండి. ఒక్క భంగిమలోనైనా పూర్తిగా ఆగిందంటే భయం లేదు, వారం రోజులు మందులు వాడి చూద్దాం. ఎలా పడుకున్నా ఆగకపోతే మాత్రం ఆ మరునాడు పొద్దున్నే స్కానింగుకు రండి. లోపల చూడాలి." లోపల చూడాలి అన్నప్పుడు ఆమె నా మొహం చూడలేదు, నా బెల్టు చూసింది. బెల్టుకు కంపెనీవాడు పెట్టిన రంధ్రాలు అయిపోయి, మేము పరుపులు కుట్టే దబ్బనంతో నేను పొడుచుకున్న రంధ్రం ఉంది. మేడమ్, చూశారా, ఈ వయసులో నడుము సన్నబడటం ఎందరికి దక్కుతుంది అన్నాను. ఆమె నవ్వలేదు. డోర్కాస్ కూడా నవ్వలేదు. నా భార్య నవ్వకపోవడం నాకు కొత్త కాదు, పెళ్ళిలో ప్రమాణం చేసినట్టు నిష్ఠగా నవ్వదు, కానీ నిన్న నవ్వకపోవడం వేరు. బయటికి వచ్చాక ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. మేము చేతులు పట్టుకునే జాతి కాదు.

వెల్లకిలా. ఆగలేదు. రొమ్ము ఎముక కింద, బొడ్డుకు పైన, ఎక్కడో మధ్యలో పుట్టి సూటిగా వీపులోకి దిగుతుంది, అదే దబ్బనం, అదే పురికొస, ఎవడో లోపల కూర్చుని నన్ను నాకే కుడుతున్నాడు. పైన రేకుల కప్పు వణికింది. ఒక విమానం దిగుతోంది. ఇక్కడ విమానం వినబడదు, ముందు రేకులు తెలుసుకుంటాయి, తరువాత పళ్ళు, తరువాత చెవులు. అందులో ఎంతమంది కూర్చుని మెడలు వాల్చి నిద్రపోతున్నారో, నిలువు కుర్చీలో, ముక్కూ మొహం తెలియని వాడి భుజం మీద, హాయిగా. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నాడు చూడండి, వాడు మా వ్యాపారానికి మొదటి శత్రువు. నిద్ర సుఖమెరగకపోతే నేనేమి అమ్మాలి? అందుకే గిరాకీతో ఆ సామెత మార్చి చెప్తాను, నిద్ర సుఖమెరుగదు కానీ నడుము ఎరుగుతుందన్నా, అని. కానీ ఇది నడుము కాదేమో. ఆ ఆలోచనను కాలితో తన్ని పరుపు కిందికి తోశాను. మోకాళ్ళ కింద దిండు పెట్టాను. తల కింద దిండు తీశాను. దిండ్ల దండు నా చుట్టూ, దండయాత్ర మాత్రం లోపల. ఒక్క క్షణం ఆగినట్టే అయింది. ఊపిరి బిగబట్టాను. నొప్పి కూడా ఊపిరి బిగబట్టి ఉన్నదంతే, నేను వదలగానే అదీ వదిలింది.

ఎడమ పక్కకు తిరిగాను. ఎడమ పక్క డోర్కాస్‌ది. ఎవాంజెలిన్ కడుపులో ఉన్నప్పుడు ఎడమకు తిరిగే పడుకోమన్నారు నర్సమ్మలు, అప్పటి నుంచి ఆమె అటే. పిల్ల పుట్టింది, నడిచింది, చదివింది, ఇప్పుడు విజయవాడలో తన పక్క మీద తను పడుకుంటోంది, తల్లి మాత్రం ఇంకా ఎడమకే. నేను కుడికి తిరిగి పడుకుంటే ఆమె వీపూ నా వీపూ ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉండేవి. చలికాలం ఆనేవి, ఎండాకాలం ఆనేవి కావు. పొద్దంతా విమానాశ్రయంలో చక్రాల కుర్చీలు తోసి తోసి వస్తుంది, ముసలివాళ్ళనూ, కాలు విరిగినవాళ్ళనూ, ఏమీ విరగని కొందరు మహారాజులనూ. మనిషి కుర్చీలో కూర్చునే తీరును బట్టి వాడికి నిజంగా నొప్పి ఉన్నదో లేదో చెప్పేస్తుంది. నన్ను చూసి చెప్పలేకపోయింది. ఎట్లా చెప్తుంది? నా వృత్తి అది. నొప్పి లేనట్టు పడుకోవడం నేను పొట్టకూటికి నేర్చిన విద్య. ఇంట్లో మంచమెక్కగానే కళ్ళు సగం మూతపడతాయి, దవడ వదులవుతుంది, అబ్బ అంటాను. లోపల కుడుతూనే ఉంటుంది. ఒకసారి ఆమె "ఆ మొఖం దుకాణంల పెట్టి రారాదు" అంది. పెట్టి వచ్చాననే అనుకున్నాను. ఈ మొహం గుండీ కాదు విప్పి రావడానికి. ఇప్పుడు కూడా, ఎవరూ చూడని ఈ పరుపు మీద, ఎడమ పక్కకు తిరిగి, నా పెదవుల మీద ఆ నవ్వు ఉంది, వేలితో తడుముకుంటే తెలుస్తోంది. చెరపడానికి చూశాను. కునుకుకు నా మీద కినుక అని ఎవరికి చెప్పబోతున్నాను, ఎవరున్నారు ఇక్కడ?

పరుపు మార్చాను. కొబ్బరి పీచుది, గట్టిది, మేము గోడకు ఆనించి ఉంచేది, దాని మీద అదే ఎడమ పక్క. ఆగలేదు. ఆగదని నాకు తెలుసు, ఎందుకంటే ఇలాంటిదే ఇంటికి తీసుకుపోయి చూశాను. నొప్పి మొదలైన కొత్తలో, అప్పుడింకా వానలు, మా పాత దూది పరుపు మీద కోపం వచ్చి దాన్ని అటకెక్కించాను. సేటును బతిమాలి పీచుది తీసుకుపోయాను. కొంచెం తగ్గినట్టుంది అన్నాను డోర్కాస్‌తో. అప్పటికి నాకే ఆ ముక్క నచ్చింది. దసరా పోయాక అది కాదు అని స్పాంజిది వేశాను. క్రిస్మస్‌కు స్ప్రింగుది. పక్కింటి పోచమ్మ గోడ మీంచి చూసి "ఏంది జయన్నా, నెలకొక్క పరుపు, కొత్త పెండ్లాం గిట్ట వస్తున్నదా" అని పరాచికమాడింది. ఊరందరికీ నొప్పికి పరుపే మందు అని చెప్పి చెప్పి నోరు అరిగింది. అరిగిన నోరు చెప్పే మాట చెవికి నిజంగానే వినబడుతుంది కాబోలు. నా సరుకును నేను కొన్నాను. వానలు పోయాయి, చలి పోయింది, ఇప్పుడు ఎండలు. ఆ కాలమంతా పరుపులు మార్చాను గాని పడకలో ఉన్నవాడిని ఎవరికీ చూపించలేదు. అన్నం సహించకపోతే ఎండ అన్నాను. చొక్కా వదులైతే చాకలి సాగదీశాడు అన్నాను.

కుడి పక్క. కుడి పక్కకు తిరిగితే రోడ్డు కనబడుతుంది. షట్టరు కింద, ఎదుటి గోడౌను ముందు ఆగిన లారీ కింద, డ్రైవరు దుప్పటిని రెండు ఇరుసులకు ఉయ్యాల కట్టుకుని పడుకున్నాడు. నడుము విల్లులా వంగి ఉంది, దుకాణం గోడ మీది మా వెన్నెముక పటం ప్రకారం అలా పడుకున్నవాడు సాయంత్రానికి లేవకూడదు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నాకు అసూయ పుట్టింది. డీజిలు వాసన, పైన అన్ని టన్నుల సిమెంటు, ఈగలు, అయినా నిద్ర. మేమూ అలాగే పడుకునేవాళ్ళం, చిన్నప్పుడు సువార్త కూటాల పందిట్లో, ఈత చాపల మీద వరుసగా ఇరవై ముప్పై మందిమి, ఒకడు పక్కకు తిరిగితే వరుసంతా తిరగాల్సిందే. మా అమ్మ ప్రేమలత చివరన, తన చీర చెంగు నా మొహం మీద కప్పి. నేను ఎటు తిరిగానో అప్పుడు నాకెవరూ చెప్పలేదు, నేనూ గమనించలేదు. వీపు అనేది ఒకటి ఉందని కూడా తెలియదు, అమ్మ చరిస్తే తప్ప. జయశీలన్ అని పేరు పెట్టాడు నాన్న, అప్పట్లో వచ్చిన తమిళ పాస్టరు మీద భక్తితో. గెలిచే స్వభావం ఉన్నవాడు అని అర్థం. గెలుస్తాను. ఇప్పుడే. మోకాళ్ళు ముడిచి కడుపు దగ్గరికి లాక్కున్నాను, లాక్కుంటే కొంచెం, కొంచెం, నిజంగానే కొంచెం, దబ్బనం సగం దాకా వెనక్కి పోయింది. ఆగిందా అంటే ఆగలేదు. తగ్గిందా? తగ్గితే చాలదా? పూర్తిగా ఆగాలి అంది ఆమె. పూర్తిగా అని రెండుసార్లు అన్నదా ఒకసారే అన్నదా? మందుల చీటీలా ఆమె మాటలను విప్పి, మడిచి, మళ్ళీ విప్పి, ఎక్కడైనా నాకు పనికొచ్చే సందు ఉందేమో వెతుకుతున్నాను. ఇలా మాటను తిప్పి తిప్పి బతికినవాడిని, ఒక డాక్టరు మాటలో సందు దొరకదా నాకు? ప్రతి భంగిమా భంగమే అని గట్టిగా, ఖాళీ దుకాణంలో, పైకే అన్నాను. పరుపులు శబ్దాన్ని తాగేస్తాయి. నా నోటి మాట నా చెవి దాకా కూడా సరిగా రాలేదు.

బోర్లా. ముక్కు ప్లాస్టిక్ కవరుకు అతుక్కుంది. కొత్త పరుపు వాసన, జిగురూ రబ్బరూ. బోర్లా పడుకుంటే మనిషికి చూడటానికి ఏమీ ఉండదు, అందుకని లోపల చూస్తాడు. లోపల చూడాలి. వద్దు. ఇంకేదైనా. చర్చిలో ఆదివారాలు. దేవుడి దగ్గర మాత్రం నాకు ఆగుతుంది, ఇది నిజం. మోకాళ్ళ మీద కూర్చుని, ముందు బెంచీ మీద చేతులు వేసి, వాటి మీద తల పెట్టి పూర్తిగా వంగి ప్రార్థన చేస్తుంటే ఆ దబ్బనం ఎవరో లాగేసినట్టు ఆగుతుంది. మొదటిసారి ఆగినప్పుడు కళ్ళనీళ్ళు వచ్చాయి. లేవబుద్ధి కాలేదు. ప్రార్థన అయిపోయినా, పాట అయిపోయినా, కానుకల సంచీ నా తల మీదుగా పోయినా లేవలేదు. మైకు లేకుండా సంఘం మొత్తానికి వినబడే నేను, ఆరాధన మధ్యలో పక్కవాడి చెవిలో చతుర్లాడే నేను, అలా వంగిపోయి ఉండేసరికి అందరికీ ఆశ్చర్యం. జయశీలన్ బ్రదర్‌కు మారుమనస్సు వచ్చింది అని సాక్ష్యం చెప్పింది భారతమ్మ ఆంటీ. అప్పటి నుంచి నా పక్కన కూర్చున్నవాళ్ళు గుసగుసలు మానేశారు. నేనూ నమ్మాను. నవ్వుతాలుగా మొదలైన నా విశ్వాసం ఈ వయసులో నిజమైందని, ఆయన చెయ్యి నా వీపు మీద పడిందని. డోర్కాస్‌కు కూడా చెప్పాను. చెప్తే ఆమె మొహంలో వచ్చిన వెలుగు, పెళ్ళి ఫోటోలో కూడా లేనిది. అయితే డాక్టరమ్మా, పడుకుంటే కాదు గానీ ప్రార్థిస్తే ఆగుతుంది, అది లెక్కలోకి వస్తుందా? నిన్న అడగలేదు. దేవుడి సంగతి డాక్టరుతో ఎందుకని. బోర్లా ఆగలేదు. ఊపిరాడలేదు, ఆగింది అదొక్కటే. నాలుగూ అయిపోయాయి. పరుపులు మారిస్తే మళ్ళీ నాలుగు. దుకాణంలో ఇన్ని పరుపులు, ఒక్కొక్కదాని మీద నాలుగు, సాయంత్రం దాకా సరిపోతాయి, సాయంత్రం తరువాత?

"ఎవలన్న ఉన్నరా లోపట?"

షట్టరు కింద ముందు కర్ర వచ్చింది, తరువాత తువ్వాలు చుట్టిన తల, తరువాత ఎండిన వేపబెరడు లాంటి ముసలాయన. నన్ను చూసి చెప్పులు బయటే విడిచాడు, గుడి అనుకున్నట్టు.

"పండుకున్నవా కొడుకా? పండుకో, పండుకో. లెవ్వకు. ఏం దుకాణం పెట్టిన్రు రా మీరు, మంచిగుంది."

"పండుకోలె బాపూ, సరుకు చూస్తున్న," అన్నాను లేస్తూ. లేచేటప్పుడు మొహం దానంతట అదే సర్దుకుంది. పేరు కుర్మయ్యట. తుక్కుగూడ అవతల నుంచి బస్సెక్కి వచ్చాడు. గొంగడి మడిచి భుజాన వేసుకున్నాడు ఈ ఎండలో. ఎవరికి బాపూ పరుపు, పెండ్లిదా, అన్నాను, నా నోరు నాకంటే ముందే దుకాణం తెరిచేసింది.

"పెండ్లయ్యి మస్తు దినాలాయె. మా ఇంటిదానికి. తారాబాయికి."

"నడుము నొప్పా?"

"నడుము గాదు, కడుపు గాదు. నడిమిట్ల." తన రొమ్ము ఎముక కింద వేలు పెట్టి, ఆ వేలిని సూటిగా వెనక్కి తోసినట్టు చూపించాడు. "ఈడ వుట్టి ఎన్కకు పోతది."

నాకు వినబడింది. వినబడనట్టు స్ప్రింగు పరుపు మీద అరచేత్తో కొట్టాను, దుమ్ము లేని చోట దుమ్ము దులిపాను. దీని మీద ఒక్కపారి పండవెట్టు బాపూ, నొప్పి పేరు మర్చిపోతది, అన్నాను. రోజూ అనే మాటే. నాలుక మీద పాకుడు పట్టిన మాట, జారి పడింది.

"పండుకోదు కొడుకా. గదే గద పరేషాన్. ఎల్లెలకల పండుకుంటె నొస్తది. గిటు తిరిగినా నొస్తది, గటు తిరిగినా నొస్తది. బోర్ల పండుకుంటె ఊపిరాడదు." ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, గొర్రెల మంద ఏ దారిన పోయిందో చెప్తున్నట్టు చెప్పాడు. "ముందుగాల వీపునొప్పి అనుకున్నం. నూనె రాసినం. ఇటుక కాపినం. నులకమంచం మీదికెల్లి కిందికి దించినం, కిందికెల్లి మల్ల మంచమెక్కిచ్చినం. గట్లనే పొద్దులు గడిసినయి. రైకలు వదులైతె కుట్లేసుకున్నది గాని దవాఖానకు రమ్మంటె రాలె. ఇగ అన్నం బంజేసినంక తీస్కపోయినం. లోపట సూసిన్రు. కడుపుల ఎన్కపొంటి గడ్డ ఉన్నదన్నరు. ఆల్శమైంది, ఇగ ఇంటికాడ్నే మంచిగ సూస్కోమని తోలిన్రు."

నా చెయ్యి బెల్టు మీదికి పోయింది. దబ్బనంతో పొడిచిన రంధ్రం వేలికి తగిలింది. నేను నవ్వుతున్నాను. ఆయన ఎదురుగా, అంత మాట విని, నవ్వుతూ నిలబడ్డాను, ఎందుకంటే ఆ మొహం నుంచి దిగడానికి నాకు మెట్లు లేవు. మంచివాడు, ఆయన నా నవ్వును చూడలేదు, పరుపుల వైపు చూస్తున్నాడు. మరి నిద్ర ఎట్లా పోతది బాపూ ఆమె, అని ఎవరో అడిగారు. నేనే.

"నా మీద," అన్నాడు. "నేను మంచం అంచుకు కూసుంట, వీపు ఆమె దిక్కు జేసి. ఆమె నా ఎన్క కూసోని, మోకాళ్ళు మడ్సుకోని, మెత్త ఒకటి పొట్టకు ఒత్తుకోని, నా వీపు మీద తల వెట్టి ముందట్కి వంగుతది. గట్ల వంగినంకనే ఆగుతది దానికి. జర కునుకు తీస్తది. నేను మెసలద్దు. మెసిలితె లేస్తది. ఇప్పుడు మా బిడ్డ సరిత కూసున్నది గాని దానికి ఓపిక తక్వ, ఊకె మెసులుతది." పరుపును వేలితో నొక్కి చూశాడు. "ఇద్దరం ఒక్క దిక్కే కూసుంటె గిది కుంగొద్దు. కుంగితె ఆమె జారుతది. గది సూపెట్టు కొడుకా. నువ్వు ఆమె లెక్క కూసో. నేను నా లెక్క కూసుంట."

గిరాకీ ఎలా పడుకుని చూపించమంటే అలా చూపించడం మా పద్ధతి. మొగుడూ పెళ్ళాలూ వస్తే మొగుడి పక్కన పడుకుని, పొర్లి, అక్కా నీకు కదలిక తెలిసిందా అని అడిగినవాణ్ణి. కాదనడానికి సాకు లేదు. పీచు పరుపు బల్ల మీదికి లాగాను. ఆయన అంచున కూర్చున్నాడు, కర్రను రెండు మోకాళ్ళ మధ్య నిలిపి, వీపు నాకు ఇచ్చి. నేను వెనక చేరాను. మోకాళ్ళు మడిచాను. దిండు పొట్టకు ఒత్తుకున్నాను. ఒక పరాయి మనిషి వీపు మీద తల పెట్టడం ఎట్లాగో తెలియక ముందు నుదురు ఆనించాను, తరువాత చెంప, తరువాత బరువంతా.

చొక్కాకు చెమటా, ఉన్నీ, బీడీ పొగా కలిసిన వాసన. వీపు మధ్యలో చొక్కా పలచబడి ఉంది, ఒకే చోట, గుండ్రంగా, రోజూ ఒక తల ఆనే చోట. నా చెంప సరిగ్గా అందులో పడింది. పైన రేకులు వణికాయి, పళ్ళు వణికాయి, విమానం పోయింది. పోయిన తరువాత నిశ్శబ్దంలో తెలిసింది, ఇంకొకటి కూడా పోయిందని. లేదు. దబ్బనం లేదు. వెతికాను, నాలుకతో ఊడిన పన్ను చోటు వెతికినట్టు, పొట్టలో, వీపులో, ఎముకల సందుల్లో. లేదు. పూర్తిగా. మొహమేమో అనుకున్నాను, ఆ దుకాణం మొహం నన్నే బురిడీ కొట్టిస్తోందేమో అని, కానీ నా మొహం ఆయన వీపుకు నొక్కుకుని ఉంది, చూసేవాడు లేడు, పెదవులు వాటంతటవే వదులై చొంగ కూడా కారేట్టుంది. వానాకాలం నుంచి మోస్తున్నది ఎవరో దించారు. ఎంత హాయి. ఎంత హాయో అంత చలి. ఎందుకంటే ఇది నాకు తెలిసిన హాయి. ముందు బెంచీ మీద చేతులు, చేతుల మీద తల, పూర్తిగా వంగి. ఎవరి చెయ్యీ పడలేదు నా వీపు మీద. నేను వంగాను, అది ఆగింది, అంతే. తారాబాయి కూడా వంగుతుంది, ఆమెకూ ఆగుతుంది, ఆమె ఏ దేవుడి ముందు వంగిందని? డోర్కాస్ మొహంలో వెలుగు గుర్తొచ్చింది. దాన్ని ఎలా ఆర్పాలి?

ఆర్పక్కర్లేదు. సందు దొరికింది. ఒక్క భంగిమలోనైనా పూర్తిగా ఆగితే భయం లేదు అంది డాక్టరమ్మ. ఆగింది, పూర్తిగా. అబద్ధం ఒక్క ముక్క లేదు. భంగిమ దొరికింది అని చెప్తే డోర్కాస్ రాత్రికి చేపల పులుసు పెడుతుంది, వారం మందులు, ఆ వారం తరువాత మరో వారం, మరో పరుపు. పడుకుంటే అన్నది, పడుకుంటే అని స్పష్టంగా అన్నది, కూర్చుంటే అనలేదు, ఆ ఒక్క మాట నేను మింగితే ఎవరికీ తెలియదు. మాటలు మింగడం, మాటలు ఉమ్మడం, జీవితమంతా చేసిందదే. నా చెంప కింద ముసలాయన వెన్నుపూస ఊపిరితో లేస్తోంది, దిగుతోంది. ఆయన నిజంగానే మెసలడం లేదు. రైకలకు కుట్లేసుకున్న మనిషి ఇంట్లో కూతురి వీపు మీద వంగి ఈయన కోసం చూస్తూ ఉంటుంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఇలా వంగితే ఆగే నొప్పి పరుపుది కాదని. నాకు చెప్పారు. ఈయనే చెప్పాడు, చెప్పానని తెలియకుండా.

తల ఎత్తకుండానే జేబులోంచి ఫోను తీశాను.

"ఏడున్నవ్?"

"గేటు కాడ. కుర్చీల ఒక పెద్దామె ఉన్నది, జల్ది చెప్పు." డోర్కాస్ వెనక ఏదో ఊరికి పోయే విమానం పేరు పిలుస్తున్నారు. "ఆగిందా?"

"పండుకుంటె ఆగలె."

"ఏ పక్కకూ?"

"ఏ పక్కకూ. కూసోని ముందట్కి వంగితె ఆగింది. చర్చిల వంగినట్టు." అర్థమైంది ఆమెకు. నాకంటే తొందరగా అర్థమవుతుంది ఆమెకు ఎప్పుడూ. "రేపు పొద్దుగాల స్కానింగుకు పోదాం. డాక్టరమ్మకు నువ్వే ఫోన్ చెయ్యి. నేను చేస్తె నవ్విస్త."

"చేస్త," అంది. గొంతు సన్నగా, వేరే ఎవరిదోలా. "ఈమెను లోపట దింపి, సూపర్‌వైజర్‌కు చెప్పి వస్తున్న. ఆడ్నే ఉండు. ఒక్కనివే ఉన్నవా?"

"లేదు. ఒక బాపు ఉన్నడు."

ఫోను పరుపు మీద పెట్టాను. వీపు మీద చెంప అట్లాగే ఉంది. ముసలాయన విన్నాడో లేదో, తిరిగి చూడలేదు. లారీ కింద డ్రైవరు అటు నుంచి ఇటు ఒత్తిగిలాడు.

"ఏమంటవ్ కొడుకా?" అన్నాడు కొంచెంసేపటికి. "కుంగిందా?"

"కుంగలె బాపూ. గిదే తీస్కపో. మెత్తదానిల ఆమె జారుతది." దిండును పొట్టకు ఇంకొంచెం ఒత్తుకున్నాను. "బాపూ, ఇంకింత సేపు గిట్లనే కూసుంటవా?"

ఆయన కర్రను కొంచెం ముందుకు జరిపి, దాని మీద రెండు చేతులూ గట్టిగా ఆనించాడు. నా బరువు కింద ఆయన వీపు సర్దుకుని నిలబడింది.

"ఉండు కొడుకా," అన్నాడు. "నేను మెసల. నాకు అలవాటే."